మాట మారడానికి ఒక తుపాను.. మనిషి మారడానికి నలభై ఏళ్లు

ఇంటర్వ్యూ కాల్ రాగానే మీరు మొదట దేని మీద పడతారు? నాకు తెలిసి మాట మీదే. సెల్ఫ్ ఇంట్రడక్షన్ అద్దం ముందు పదిసార్లు చెప్పుకొంటారు. బలాలేంటి, బలహీనతలేంటి అని అడిగితే ఏం చెప్పాలో ముందే రాసిపెట్టుకుంటారు. తప్పేం లేదు. నేనూ అలాగే చేశాను, ఉద్యోగమూ వచ్చింది.

చేరిన కొత్తలో ఒక రాత్రి మా టీమ్ ఓ అప్‌డేట్ విడుదల చేసింది. అంతా చెక్ చేశావా అని లీడ్ అడిగితే, చేశానని టక్కున చెప్పేశాను. తెల్లారేసరికి అప్లికేషన్ ఆగిపోయింది. మీటింగులో ఎవరూ నన్ను కేకలేయలేదు. లాగ్ ఫైలు తెరిచారంతే. ఏ నిమిషానికి ఎవరు ఏ టెస్టు రన్ చేశారో అందులో ఉంది. నేను చేశానన్న టెస్టు మాత్రం లేదు. నా నోరు ఒకటి చెప్పింది, లాగ్ ఇంకోటి చెప్పింది. ఈ రెండింటిలో అసలు నేను ఎవర్ని అన్న ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదల్లేదు.

ఆ రోజుల్లోనే జాన్ న్యూటన్ జీవితం చదివాను. గురుత్వాకర్షణ న్యూటన్ వేరు. ఆయన పోయేనాటికి ఈ న్యూటన్‌కు రెండేళ్లు కూడా నిండలేదు. ఈయన అమేజింగ్ గ్రేస్ కీర్తన రాసిన న్యూటన్. చర్చికి వెళ్లే అలవాటు లేకపోయినా ఆ ట్యూన్ ఎక్కడో ఒకచోట మీ చెవిన పడే ఉంటుంది. 2015లో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా చార్ల్‌స్టన్‌లో ఓ సంతాప సభలో పాడింది కూడా దాన్నే. అంత మంచి పాట రాసిన చేత్తోనే ఆయన అంతకుముందు ఓ లాగ్‌బుక్ రాశాడు. ఆ లాగ్‌బుక్‌కీ ఈ పాటకీ మధ్య ఏం జరిగిందో తెలుసుకుంటే, ఉద్యోగం వెతుక్కునే మనకు చాలా పనికొస్తుంది.

అమ్మ నేర్పింది.. ఏడేళ్లకే ఆగింది

న్యూటన్ 1725లో లండన్‌లోని వాపింగ్‌లో పుట్టాడు. థేమ్స్ నది ఒడ్డున నావికులు ఉండే పేట అది. తండ్రి ఓడ కెప్టెన్. ఏడాదిలో ఎక్కువ నెలలు సముద్రం మీదే ఉండేవాడు. కొడుకును పెంచింది తల్లి ఎలిజబెత్. దైవభక్తి ఉన్న మనిషి. చిన్నప్పటి నుంచే బైబిల్ భాగాలు, కీర్తనలు కంఠతా పట్టించింది. పెద్దయ్యాక పాస్టర్ అవ్వాలని ఆమె కోరిక. కానీ క్షయ ఆమెను తీసుకెళ్లిపోయింది. అప్పటికి పిల్లాడికి ఏడేళ్లు నిండటానికి ఇంకా కొద్ది రోజులుంది.

తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. పిల్లాడు రెండేళ్లపాటు బోర్డింగ్ స్కూల్లో ఉన్నాడు. పదకొండేళ్లకే తండ్రి వెంట ఓడెక్కాడు. అంటే మన లెక్కలో ఆరో తరగతి పిల్లాడు. చుట్టూ నావికులు, వాళ్ల బూతులు, వాళ్ల తాగుడు. మధ్యమధ్యలో భయమేసినప్పుడు ప్రార్థన చేసేవాడు, ఉపవాసాలుండేవాడు. కొన్నాళ్లకు మళ్లీ మామూలే. అమ్మ నేర్పిన మాటలు నాలుక మీద ఉన్నాయి. లోపలికి మాత్రం దిగలేదు.

నోటితోనే గొడవలన్నీ

పదిహేడేళ్లప్పుడు తండ్రి అతనికి జమైకాలో ఓ ఉద్యోగం చూశాడు. వెళ్లేముందు కెంట్‌లో అమ్మ స్నేహితుల ఇంటికి వెళ్లిన న్యూటన్, ఆ ఇంటి అమ్మాయి మేరీ కాట్లెట్‌ను చూసి అక్కడే ఆగిపోయాడు. మూడు రోజులు ఉండాల్సినవాడు మూడు వారాలు ఉండేసరికి ఓడ వెళ్లిపోయింది. మంచి ఆఫర్ అలా చేజారింది.

1744లో నౌకాదళం వాళ్లు అతన్ని బలవంతంగా పట్టుకెళ్లారు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో అది మామూలే. యుద్ధానికి మనుషులు కావాలంటే వీధుల్లో తిరిగే నావికుల్ని ఎత్తుకెళ్లేవారు. తండ్రి పలుకుబడితో హార్విచ్ అనే యుద్ధనౌకలో మిడ్‌షిప్‌మన్ హోదా దక్కింది. అతను మాత్రం పారిపోయాడు. పట్టుబడ్డాడు. అందరిముందూ కొరడా దెబ్బలు తిని, మామూలు నావికుడి స్థాయికి దిగిపోయాడు.

తర్వాత మడైరా దీవుల దగ్గర, పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లే ఓ బానిసల ఓడకు మారాడు. అక్కడైనా బుద్ధిగా ఉన్నాడా అంటే లేదు. ఆ ఓడ కెప్టెన్‌ను ఎగతాళి చేస్తూ ఓ పాట కట్టి, ఓడలో అందరికీ నేర్పించాడు. అందరూ కలిసి పాడుతుంటే కెప్టెన్‌కు ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆఫీస్ వాట్సాప్ గ్రూపులో బాస్ మీద మీమ్ పెట్టడం లాంటిదే ఇది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పాట కట్టే విద్య అతనికి అప్పుడే ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత కీర్తనలు రాసింది కూడా అదే విద్యతో. టాలెంట్ మారలేదు. అది ఎవరి కోసం పనిచేసిందో అది మారింది.

సంకెళ్లలో ఉన్నవాళ్లు పెట్టిన అన్నం

ఆ కెప్టెన్ చనిపోయాక న్యూటన్ సియెర్రా లియోన్ తీరంలో ప్లాంటెయిన్ దీవుల్లో ఉండే క్లో అనే తెల్ల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. డబ్బు సంపాదించాలని వెళ్లినవాడు జ్వరంతో మంచానపడ్డాడు. క్లో ఊళ్లో లేనప్పుడు అతనితో కాపురముండే ఆఫ్రికన్ స్త్రీ న్యూటన్‌ను చాలా హీనంగా చూసింది. తాగడానికి మంచినీళ్లు కూడా సరిగా దొరికేవి కావు. తర్వాత దొంగతనం నింద పడటంతో క్లో కూడా అతన్ని ఓడ డెక్కుకు గొలుసుతో కట్టేసి వెళ్లేవాడు. తిండికి రోజుకు కాస్త అన్నం.

మీరు ఇంజినీరింగ్ విద్యార్థులైతే ఇక్కడ ఓ విషయం నచ్చుతుంది. ఆ దరిద్రంలో అతని దగ్గర మిగిలిన ఒకే ఒక్క పుస్తకం యూక్లిడ్ జామెట్రీ. ఒడ్డున ఇసుకలో పొడవాటి కర్రతో బొమ్మలు గీసుకుంటూ మొదటి ఆరు భాగాలు దాదాపుగా నేర్చేసుకున్నాడు. కోర్సు కొనుక్కోవడానికి డబ్బుల్లేవు అని మనం అనేముందు ఈ దృశ్యం గుర్తుకు తెచ్చుకోవచ్చు.

నన్ను ఆపేసిన విషయం మాత్రం వేరే ఉంది. ఆ రోజుల్లో అతనికి రహస్యంగా తిండి పెట్టింది ఎవరో తెలుసా? అమ్మకానికి సంకెళ్లలో ఉన్న ఆఫ్రికన్ బానిసలు. ఎవరైనా చూస్తే దెబ్బలు తప్పవు. అయినా తమకు వచ్చే చిటికెడు తిండిలోంచే కొంత తీసి ఈ తెల్ల కుర్రాడికి ఇచ్చారు. వాళ్లు అతనితో ఏం మాట్లాడారో మనకు తెలియదు. వాళ్ల పేర్లు కూడా తెలియవు. చేసిన పని ఒక్కటే మిగిలింది. వాళ్ల మనసేంటో చెప్పడానికి అదొక్కటీ చాలు.

ఈ సంగతిని న్యూటనే తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. దీన్ని గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇరవై రెండేళ్ల వయసులో తుపాను

కొడుకు కోసం తండ్రి లివర్‌పూల్‌లో ఉండే జోసెఫ్ మానెస్టీ అనే ఓడల యజమానిని సాయం అడిగాడు. ఆయన ఓడ గ్రేహౌండ్ 1748 మొదట్లో న్యూటన్‌ను ఎక్కించుకుంది. అప్పటికి అతను మరో వ్యాపారి దగ్గర కాస్త సుఖంగానే ఉన్నాడు. రానన్నాడు. పెద్ద ఆస్తి కలిసొచ్చిందని కెప్టెన్ అబద్ధం చెబితే, మేరీ గుర్తొచ్చి బయల్దేరాడు.

గ్రేహౌండ్‌లో అతనికి పనేం లేదు. పనిలేని నోరు ఊరుకోదు కదా. నావికుల తిట్లు ఎలా ఉంటాయో మీరు ఊహించగలరు. వాళ్లే చెవులు మూసుకునేలా ఉండేవి ఇతని తిట్లు. ఉన్నవి చాలక కొత్తవి తయారుచేసేవాడు. దేవుణ్నీ, క్రీస్తునూ వెక్కిరించేవాడు. కెప్టెన్ కూడా పెద్ద పద్ధతైన మనిషేం కాదు. ఆయనే ఇతన్ని చాలాసార్లు మందలించాల్సి వచ్చింది.

మార్చి నెలలో ఉత్తర అట్లాంటిక్‌లో ఓ రాత్రి తుపాను ఓడ పక్కను చీల్చేసింది. నిద్రలోంచి లేచి డెక్కు మీదికి పరిగెత్తుతుంటే కెప్టెన్ ఓ కత్తి తెమ్మన్నాడు. అది తేవడానికి న్యూటన్ వెనక్కి తిరిగాడు. అతనికి బదులు పైకెళ్లిన మనిషిని అల ఆ క్షణంలోనే లాక్కెళ్లిపోయింది. ఓడ ఎందుకు మునగలేదంటే, అందులోని సరుకు తేనెమైనం, కలప. రెండూ నీళ్ల కన్నా తేలిక. తెల్లవారుజామున మూడింటి నుంచి దాదాపు మధ్యాహ్నం దాకా న్యూటన్ పంపు దగ్గరే ఉన్నాడు. ఇక చేతకాక గంటసేపు వాలి, లేచి చుక్కాని పట్టుకున్నాడు. అర్ధరాత్రి దాకా అక్కడే.

పంపు దగ్గర ఉండగా దేవుడు కరుణిస్తే తప్ప బతకమన్న అర్థంలో ఏదో అనేశాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని గుర్తించి తనే ఉలిక్కిపడ్డాడు. ఏళ్ల తరబడి ఆ నోటికి కరుణ అన్న మాటే తెలియదు. చుక్కాని దగ్గర గంటలకొద్దీ నిలబడి, అమ్మ నేర్పిన వాక్యాలు ఒక్కొక్కటీ గుర్తుచేసుకున్నాడు. బైబిల్లో యాకోబు పత్రిక నాలుకను ఓడ చుక్కానితో పోలుస్తుంది. అంత పెద్ద ఓడనూ ఆ చిన్న చెక్కే తిప్పుతుంది. ఆ రాత్రి న్యూటన్ చేతిలో ఉన్నది నిజమైన చుక్కానే.

నాలుగు వారాలు నానా కష్టాలు పడి ఏప్రిల్‌లో ఓడ ఐర్లండ్ తీరానికి చేరింది. అప్పటికి చివరి తిండి గింజలు పొయ్యి మీద ఉడుకుతున్నాయి. ఆ తుపాను రోజు ఇప్పటి క్యాలెండర్ ప్రకారం మార్చి 21. బతికున్నంత కాలం ఏటా ఆ రోజును ఆయన గుర్తుపెట్టుకున్నాడు. అతనిలో వచ్చిన మొదటి మార్పు ఏంటంటే, తిట్లు ఆగిపోయాయి. ఊపిరిలా అలవాటైపోయిన బూతులు మళ్లీ నోట్లోంచి రాలేదు.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడుతుంది. చాలామంది ఈ కథను ఇక్కడి వరకే చెబుతారు కూడా. తుపాను, మార్పు, వెంటనే కీర్తన. జరిగింది అది కాదు.

ఆదివారం ప్రార్థన.. సోమవారం సంకెళ్లు

ఐర్లండ్ నుంచి లివర్‌పూల్ చేరిన న్యూటన్‌కు మానెస్టీ ఉద్యోగం ఇచ్చాడు. ఏ ఉద్యోగం? బానిసల ఓడలో. 1748లో బ్రౌన్లో అనే ఓడలో మేట్‌గా వెళ్లాడు. ఆఫ్రికా తీరంలో పాత బుద్ధులు మళ్లీ మొలిచాయి. జ్వరం వచ్చి చావు దగ్గరికి వెళ్లాక మళ్లీ ప్రార్థన. 1750 ఫిబ్రవరిలో మేరీతో పెళ్లయింది. అదే ఏడాది పాతికేళ్లకే కెప్టెన్ అయ్యాడు. మొదట డ్యూక్ ఆఫ్ ఆర్గైల్, తర్వాత ఆఫ్రికన్. 1754 దాకా కెప్టెన్‌గా మూడు ప్రయాణాలు. ఆఫ్రికాలో మనుషుల్ని కొనడం, అట్లాంటిక్ దాటించడం, కరీబియన్ దీవుల్లో అమ్మడం.

బయటినుంచి చూస్తే ఆదర్శ క్రైస్తవ కెప్టెన్. ఓడలో బూతు మాట లేదు. ఆదివారం నావికులందరినీ కూర్చోబెట్టి ప్రార్థన. రోజూ బైబిల్ చదవడం. ఖాళీ దొరికితే లాటిన్ నేర్చుకోవడం. భార్యకు ప్రేమగా పొడవాటి ఉత్తరాలు. ఆ ఉత్తరాలు రాసే టేబుల్ కింద, డెక్కు అడుగున, మనుషులు ఇద్దరిద్దరు చొప్పున సంకెళ్లలో ఉన్నారు.

అదే రోజుల్లో ఆయన రాసిన లాగ్‌బుక్ ఇప్పటికీ ఉంది. గాలి ఎటు వీచింది, ఏం కొన్నారు, ఎంతకు కొన్నారు, అన్నీ శుభ్రంగా రాశాడు. ఓడలో ఎవరైనా ఆఫ్రికన్ చనిపోతే ఆ మనిషికి పేరుండదు, నంబరు ఉంటుంది. 1752 డిసెంబరులో తిరుగుబాటు జరుగుతుందన్న అనుమానంతో కొందరు కుర్రాళ్లను పట్టుకుని, నిజం కక్కించడానికి బొటనవేళ్లు నొక్కే ఇనుప మర బిగించిన సంగతి కూడా రాశాడు. దాచాలనుకోలేదు. అందులో దాచాల్సింది ఏదో ఉందని అతనికి అనిపించనే లేదు.

ప్లాంటెయిన్ దీవుల్లో రహస్యంగా తిండి పెట్టిన ఆ చేతులు గుర్తున్నాయా? ఇప్పుడు అలాంటి చేతులకే సంకెళ్లు వేయిస్తున్నాడు. తిట్టకుండా, తాగకుండా, ప్రార్థన మానకుండా.

ఇతన్ని నటుడు అని కొట్టిపారేస్తే మన పని సులువైపోతుంది. అతను నటించలేదు. ప్రార్థన నిజం, ఉత్తరాల్లో ప్రేమ నిజం. సంకెళ్లు, తాళాలతో గడిచే ఈ ఉద్యోగం అప్పుడప్పుడు అతనికే రోత పుట్టించేది. ఇంతకంటే మనుషులు చేసే పని ఏదైనా ఇప్పించమని దేవుణ్ని వేడుకున్నాడు కూడా. కానీ చుట్టూ ఉన్న సమాజానికి అది మర్యాదైన వృత్తి. చట్టం ఒప్పుకుంది, చర్చికి వచ్చే పెద్దమనుషులు పెట్టుబడి పెట్టారు, జీతం మంచిది. తప్పు అన్న మాట ఎవరి నోటా రాకపోతే అది తప్పని కళ్లకు కనిపించడం కష్టం. చివరి ప్రయాణంలో ఒక్క ప్రాణం కూడా పోలేదని లివర్‌పూల్ చర్చిల్లో దేవుడికి కృతజ్ఞతలు కూడా చెప్పారు. అమ్మేసిన మనుషుల గురించి ఆ ప్రార్థనలో ఎవరికీ ఏమీ గుర్తురాలేదు.

మత్తయి సువార్త 12వ అధ్యాయంలో యేసు చెట్టునూ పండునూ చూపిస్తాడు. గుండెలో నిండినదే నోటికి వస్తుందన్నది అక్కడి బోధ. దీన్ని మనం తరచూ తిట్లకు మాత్రమే ముడిపెడతాం. బూతులు మానేస్తే గుండె శుభ్రమైనట్టే అనుకుంటాం. న్యూటన్ జీవితం చూశాక నాకు అర్థమైంది ఇది: నోరు శుభ్రం కావడం మొదటి కాయ మాత్రమే. చెట్టంతా పండటానికి ఇంకా చాలా కాలం పట్టొచ్చు. ఒక్క కాయ చూసి తోటంతా మాగిందని అనుకుంటే మోసపోతాం.

ఉద్యోగం పోయింది, రిజెక్షన్లు వచ్చాయి

1754లో మరో ప్రయాణానికి ఇంకా రెండు రోజులుందనగా, భార్యతో కూర్చుని టీ తాగుతూ న్యూటన్ ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయాడు. డాక్టర్లు సముద్రం వద్దన్నారు. అంటే ఆ వృత్తి మానింది మనస్సాక్షి వల్ల కాదు, ఆరోగ్యం వల్ల. ఇదీ నిజాయతీగా చెప్పుకోవాలి.

తర్వాత లివర్‌పూల్ కస్టమ్స్‌లో టైడ్ సర్వేయర్ ఉద్యోగం వచ్చింది. వచ్చే ఓడలెక్కి దొంగ సరుకు ఉందేమో వెతికే పని. ఆ ఉద్యోగం చేస్తూనే సొంతంగా గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నాడు. పాస్టర్ కావాలని 1758లో దరఖాస్తు పెట్టాడు. తిరస్కరించారు. యూనివర్సిటీ డిగ్రీ లేదు. పైగా మెథడిస్టు బోధకులతో తిరుగుతాడన్న పేరు. ఆరేళ్లు తలుపు తెరుచుకోలేదు. చివరికి లార్డ్ డార్ట్‌మత్ సిఫార్సుతో 1764లో బకింగ్‌హామ్‌షైర్‌లోని ఓల్నీ అనే చిన్న ఊరి చర్చి దక్కింది. అప్పటికి ఆయనకు దాదాపు ముప్పై తొమ్మిదేళ్లు.

ఓల్నీలో ఎక్కువమంది లేసు అల్లుకుని బతికే పేదలు. న్యూటన్ పాత నావికుడి కోటు వేసుకునే వాళ్ల ఇళ్లకు వెళ్లేవాడు. కవి విలియం కూపర్ తీవ్రమైన మానసిక వేదనతో కుంగిపోయినప్పుడు ఏడాదికి పైగా తన ఇంట్లోనే పెట్టుకుని చూసుకున్నాడు. అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న బంధువుల పిల్లలిద్దరిని పెంచుకున్నాడు. ఈ చెట్టుకు మరికొన్ని పండ్లు కాశాయి.

అమేజింగ్ గ్రేస్ పుట్టింది ఇక్కడే. 1773 జనవరి 1 ప్రసంగం కోసం రాసుకున్న కీర్తన అది. 1779లో కూపర్‌తో కలిసి అచ్చువేసిన ఓల్నీ హిమ్స్ పుస్తకంలోని 348 కీర్తనల్లో అదొకటి. ఇప్పుడు మనం పాడే ట్యూన్ అమెరికాలో 1835లో చేరింది. తేదీని బట్టి చూస్తే మీకే తెలుస్తుంది. గుడ్డివాడికి చూపొచ్చిందని ఆ పాట రాసేనాటికి, బానిసల వ్యాపారానికి వ్యతిరేకంగా న్యూటన్ బహిరంగంగా ఒక్క మాట కూడా అనలేదు. 1764లో అచ్చయిన ఆత్మకథలోనూ తన తిట్లకు, తన అవిశ్వాసానికి పశ్చాత్తాపం ఉంది. కొన్న మనుషుల గురించి లేదు.

తలుపు తట్టిన యువ ఎంపీ

1780లో న్యూటన్ లండన్‌లోని సెయింట్ మేరీ వూల్‌నాత్ చర్చికి మారాడు. 1785 డిసెంబరులో ఓ ఇరవై ఆరేళ్ల కుర్రాడు రహస్యంగా కలవాలని కబురు పెట్టాడు. ఇంటి దాకా వచ్చి కూడా తలుపు తట్టే ధైర్యం లేక ఆ వీధి చుట్టూ తిరిగాడు. అతని పేరు విలియం విల్బర్‌ఫోర్స్. అప్పటికే పార్లమెంటు సభ్యుడు, ప్రధాని పిట్‌కు స్నేహితుడు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చాడు. రాజకీయాలు వదిలేసి దేవుడి సేవలోకి వెళ్లిపోవాలా అన్నది అతని సందేహం.

మనలోనూ చాలామందికి ఉండే సందేహమే ఇది. మంచిగా బతకాలంటే ఈ ఉద్యోగం వదలాలా? న్యూటన్ ఉన్నచోటే ఉండమన్నాడు. అక్కడే దేవుడు నీతో పని చేయించుకోవచ్చని ధైర్యం చెప్పి పంపాడు. తర్వాత విల్బర్‌ఫోర్స్ తన జీవితాన్ని బానిసల వ్యాపారం రద్దుకు అంకితం చేశాడు.

ఆ ఉద్యమం మొదలయ్యాక న్యూటన్ ఇక మౌనంగా ఉండలేకపోయాడు. 1788లో ఆఫ్రికా బానిసల వ్యాపారంపై తన ఆలోచనలంటూ ఓ చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఓడ వదిలి 34 ఏళ్లు, తుపాను వచ్చి 40 ఏళ్లు. అప్పటికి ఆయన ఇంగ్లండ్‌లో గౌరవం ఉన్న పాస్టర్. ఎవరూ ఆయన్ని నిలదీయలేదు. తానుగా ముందుకొచ్చి, ఆ పనిలో తన చేతులున్నాయని, ఈ ఒప్పుకోలు చాలా ఆలస్యంగా వస్తోందని, తలచుకుంటే సిగ్గుగా ఉంటుందని రాశాడు.

తర్వాత చూసినవి చూసినట్టు చెప్పాడు. మనుషుల్ని అరలో పుస్తకాల్లా పక్కపక్కన ఎలా పేర్చేవారో, కదలడానికి చోటు లేక ఎలా చచ్చిపోయేవారో వివరించాడు. రాత్రి నిద్ర పాడవుతోందని ఓ మేట్ తల్లి ఒడిలోని పసిబిడ్డను లాక్కుని సముద్రంలోకి విసిరేసిన సంగతీ చెప్పాడు. ప్రివీ కౌన్సిల్ ముందు, 1790లో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యమిచ్చాడు. వ్యాపారుల తరఫు వాదనలను దెబ్బకొట్టగలిగిన సాక్షుల్లో ఆయనొకడు. ఎందుకంటే లాగ్‌బుక్ రాసిన మనిషే వచ్చి దాన్ని విప్పి చెప్తున్నాడు.

1807 మార్చి 25న బ్రిటిష్ బానిసల వ్యాపారాన్ని నిషేధించే చట్టం వచ్చింది. చూపు దాదాపు పోయిన న్యూటన్ అది వినే దాకా బతికున్నాడు. అదే ఏడాది డిసెంబరు 21న 82వ ఏట కన్నుమూశాడు. తన సమాధి మీద ఏం రాయాలో ముందే రాసిపెట్టాడు. పుస్తకాల జాబితా లేదు, పాట పేరు లేదు. తానొకప్పుడు దేవుణ్ని నమ్మనివాణ్నని, విచ్చలవిడిగా తిరిగినవాణ్నని, ఆఫ్రికాలో బానిసలకు సేవకుణ్నని మొదలవుతుంది. యేసు కరుణ వల్ల మారానన్నది ఆ తర్వాత వస్తుంది. తన రెజ్యూమెలో అందరూ దాచే లైనును ఆయన మొదటి లైనుగా పెట్టాడు.

మనకు ఇందులో ఏముంది?

మన పెద్దలు నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు. మాటలు కోటలు దాటినా కాళ్లు గడప దాటవని కూడా అన్నారు. న్యూటన్ జీవితంలో రెండూ ఉన్నాయి. మీరు క్రైస్తవులైనా కాకపోయినా, ఉద్యోగ వేటలో ఉన్నప్పుడు ఈ మూడు విషయాలు ఆలోచించండి.

ఒకటి, రెజ్యూమె. అందులోని ప్రతి లైనుకూ ఓ లాగ్ ఉంటుందనుకోండి. ప్రాజెక్టు చేశామని రాసినచోట నిజంగా చేసింది ఎంత? టీమ్‌లో వేరేవాళ్లు చేసింది ఎంత? రెండో రౌండులో ఆ లాగ్ తెరుస్తారు.

రెండు, మీకు ఉద్యోగం ఇప్పించలేనివాళ్లతో మీ ప్రవర్తన. ప్యానెల్ ముందు అందరం మర్యాదస్తులమే. గేటు దగ్గర సెక్యూరిటీ అన్నతో, హాస్టల్లో గిన్నెలు కడిగే ఆంటీతో, గ్రూప్ డిస్కషన్‌లో ఇంగ్లిష్ తడబడే కుర్రాడితో ఎలా ఉన్నామన్నది అసలు పరీక్ష. సంకెళ్లలో ఉండి కూడా తిండి పంచుకున్నవాళ్లను తలచుకుంటే మనకు ఏ సాకూ మిగలదు.

మూడు, మౌనం. తిట్టకపోవడం మంచిదే. మీరు చేరబోయే చోట అందరూ మామూలే అనుకునే తప్పు ఒకటి ఎదురవ్వొచ్చు. కస్టమర్‌కు చెప్పని చార్జీ, ఇంకొకరి పని మీద మన పేరు. లోపల రోతగా అనిపిస్తే ఆ రోతను గౌరవించండి. న్యూటన్‌కూ అనిపించింది. ప్రార్థన చేసి ఊరుకున్నాడు. నోరు విప్పడానికి 34 ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో ఎన్ని ఓడలు ఆ రేవు నుంచి వెళ్లాయో.

ఆలస్యమైందని ఆగిపోకూడదన్నది కూడా ఆయన దగ్గరే నేర్చుకోవాలి. అరవై దాటిన వయసులో, పేరంతా సంపాదించాక, నేను చేశాను అని రాయడం మామూలు విషయం కాదు.

నా కథ మిగిలిపోయింది కదా. ఆ మీటింగు అయ్యాక గంటసేపు ఏదో ఒక సాకు టైప్ చేసి, చెరిపేసి, మళ్లీ టైప్ చేశాను. సర్వర్ నెమ్మదిగా ఉందని, టైం సరిపోలేదని. చివరికి అన్నీ తీసేసి రెండే లైన్లు పంపాను. ఆ టెస్టు నేను చేయలేదు, చేశానని అబద్ధం చెప్పాను. సాయంత్రానికి లీడ్ నుంచి జవాబొచ్చింది. రేపు తొమ్మిదింటికి రా, కలిసి చేద్దాం అని.